లోపలి గదిలో గోధుమరంగు

మార్చి 4

నీ గొంతు బొంగురుపోతే గర్వపడతావా, భయపడతావా? నిజం చెప్పు. ఈ పుస్తకం ఇంకెవరూ చదవరు కనుక అడిగేదీ నేనే, జవాబు చెప్పాల్సిందీ నేనే. అయినా గుంపు ఎదుట నిలబడి అడిగినట్టే అడుగుతున్నాను. మరో రకంగా అడగడం నాకు చేతకాదు.

నేను గర్వపడ్డాను. ఇరవై ఏళ్ళుగా బస్టాండు ఎదురుగా, మార్కెట్టు మెట్ల మీద, టైర్ల షాపు పైనున్న మా సంఘం హాల్లో వాక్యం చెబుతున్నాను. ఏ బడిలోనూ నేర్చుకోలేదు. లేఖనం ముందు పెట్టుకుని, అర్థం కాని చోట మోకాళ్ళ మీద కూర్చుని నేర్చుకున్నాను. పొట్టకూటికి మైకులూ యాంప్లిఫయర్లూ బాగుచేస్తాను కానీ నా ప్రసంగానికి మైకు పట్టుకోను. చలికాలం నుంచి గొంతులో గరగర మొదలైంది. సంఘంలో పెద్దమ్మలు అది విని కళ్ళు తుడుచుకున్నారు. దేవుడి పనిలో గొంతు అరగదీసుకున్నాడని ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను కాదనలేదు.

ఈరోజు ఆస్పత్రిలో ముక్కులోంచి సన్నటి గొట్టం దించి చూశారు. తర్వాత మత్తిచ్చి స్వరపేటిక మీది నుంచి చిన్న ముక్క తీశారు. డాక్టరమ్మ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదన్నమాట.

మార్చి 5

గొంతు బాగానే ఉంది.

మార్చి 9, ఆదివారం

మాట్లాడొద్దన్నారు. మాట్లాడాను. చివర్లో గొంతు పూర్తిగా చీలిపోయి గాలి మాత్రమే వచ్చింది. హాలంతా ముందుకు వంగి విన్నది. అంత నిశ్శబ్దం నాకు ఇదివరకు ఎప్పుడూ దొరకలేదు.

మా ఆవిడ తమ్ముడు మెట్ల మీదే పట్టుకున్నాడు. లారీ నడుపుతాడు, సంఘంలో నా తర్వాత వాక్యం చెప్పేది వాడే. "బావా, నీ గొంతులో ఇప్పుడు ఇసుక కలిసింది. ఆ ఇసుక కోసమే జనం వస్తున్నారు, పోగొట్టుకోకు" అన్నాడు. వాడి మాట నాకు తియ్యగానే ఉంది.

ఇంటికి నడిచి వస్తుంటే మా ఆవిడ అడిగింది. "స్పీకరు బొంగురుగా మోగుతోందని ఎవరైనా తెస్తే ఏం చేస్తారు మీరు?"

విప్పి చూస్తానన్నాను.

"బాగానే ఉంది, వాల్యూం పెంచుకో అని పంపించరు కదా."

ఆవిడ షాపుల వాళ్ళకు బట్టలు సరిచేసి కుట్టిపెడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే అలవాటు. అవి లేనప్పుడు కూడా మాట అలాగే గుచ్చుతుంది.

మార్చి 13

గడ్డ. దానికో పొడుగాటి పేరుంది. రాయను. రాసి దానికి గౌరవం ఇవ్వను.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ఒకటి, స్వరపేటికను ఉంచి రేడియేషన్ ఇవ్వడం, తోడుగా గడ్డ కణాల పైపొరను పట్టుకుని పనిచేసే ఒక మందు. రెండోది, స్వరపేటికను మొత్తంగా తీసేయడం. మెడ కింద రంధ్రం పెడతారు, ఊపిరి అక్కడి నుంచే. మాట పోతుంది. ఆవిడ రెండోది చెప్పడం పూర్తికాక ముందే మొదటిది అనేశాను.

"ఇంకో పరీక్ష ఉంది, ఆగండి" అంది. పెరగమని కబురు అందుకునే రిసెప్టర్ ఒకటి ప్రతి కణానికీ ఉంటుందట. గడ్డ కణాల్లో అది ఎక్కడుందో వాళ్ళ ల్యాబులో రంగు వేసి చూస్తున్నారట.

"ఎక్కడుంటే ఏంటండీ" అన్నాను.

"అదే తేలాలి" అంది.

దేవుడు ఈ గొంతును ఒక పనికి పిలిచాడు. పిలిచినవాడికి దాన్ని కాపాడుకోవడం తెలియదా?

మార్చి 14

గొంతు బాగానే ఉంది. ఈ ఉదయం ఇంకా బాగుంది.

మార్చి 20

చూశాను. నా కళ్ళతోనే చూశాను. ఇక ఎవరో చెప్పారని తప్పించుకోవడానికి లేదు.

డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ ల్యాబుకి తీసుకెళ్ళింది. ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోపు అది. ఒకవైపు ఆవిడ, ఒకవైపు నేను. మా ఆవిడ పక్కనున్న తెర మీద చూసింది. మొదట ఇంకెవరిదో స్లైడు పెట్టారు. కణాలన్నీ నడుమ నీలంగా, చుట్టూ గోధుమరంగు గీతతో ఉన్నాయి. దగ్గరదగ్గరగా పేర్చిన ఉంగరాల్లా ఉన్నాయి. తర్వాత నాది పెట్టారు. అంచులు వెలిసిపోయి ఉన్నాయి. నీలం ఉండాల్సిన నడిబొడ్డులో గోధుమరంగు. ఒకచోట కాదు, ఆవిడ బాణం గుర్తు ఎటు జరిపితే అటు అదే.

"గోధుమరంగు ఉన్నచోట రిసెప్టర్ ఉన్నట్టు. దాని ఉద్యోగం గుమ్మం దగ్గర. బయటినుంచి పెరగమని కబురొస్తే అందుకోవాలి. మీ కణాల్లో అది గుమ్మం వదిలేసి లోపలికి పోయింది. కేంద్రకంలోకి."

పోతే ఏమవుతుందని అడిగాను.

"మేమిచ్చే మందు గుమ్మంలో ఉన్నదాన్నే పట్టుకోగలదు, లోపలికి రాలేదు. ఇక రేడియేషన్ ఏం చేస్తుందంటే, కేంద్రకంలో ఉండే డీఎన్‌ఏ తంతువుల్ని తెంపుతుంది. అలా తెంపితే కణం చావాలి. కానీ లోపల చేరిన ఈ రిసెప్టర్, తెగినవాటిని మళ్ళీ అతికించే పనికి సాయపడుతుంది."

మా ఆవిడ తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "అంటే మీరు చింపుకుంటూ పోతుంటే, అది మీ వెనకాలే కుట్టుకుంటూ వస్తుందన్నమాట."

"దాదాపు అంతే అమ్మా."

ఇలా లోపల రంగు తేలినవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువనీ, బతికే కాలం తక్కువనీ తాము చూసినంతలో తేలిందని డాక్టరమ్మ చెప్పింది. అందరికీ అలాగే జరుగుతుందని కాదనీ, ఇది ఇంకా అన్ని ఆస్పత్రుల్లో చేసే పరీక్ష కూడా కాదనీ తనే చెప్పింది. దాచలేదు. దాచి ఉంటే పోట్లాడటం తేలికయ్యేది.

"భవిష్యత్తు చెప్పడానికి మీరేమైనా ప్రవక్తలా?" అన్నాను.

"కాదండీ. మబ్బు చూసి గొడుగు తీసుకెళ్ళమనే మనిషిని. తడవాలనుకుంటే మీ ఇష్టం. మా నాన్నయితే మాత్రం పోనివ్వను."

బయటికొచ్చాక నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళుగా నేను చెబుతున్నదేమిటి? బయటిది లెక్కలోకి రాదు, లోపలిదే అసలు అనే కదా. బయటికి ఎగబడే గడ్డ కంటే లోపల ఒదిగిన గడ్డ నయం కాదా? లోపలి మనిషిని గురించి లేఖనంలో ఎక్కడెక్కడ ఉందో వర్క్‌షాపు బల్ల మీదే తీసి చూసుకున్నాను. అన్నిచోట్లా మంచే చెప్పి ఉంది. నేను గీతలు గీసుకున్న చోట్లన్నీ అవే. గీతలు లేనివి చూడలేదు.

మార్చి 21

కోత వద్దు, రేడియేషన్ చాలని ఆస్పత్రికి చెప్పేశాను. ఏప్రిల్ మొదటివారంలో మొదలుపెడతారట.

మా ఆవిడ రోజంతా కుట్టుమిషను ఆపలేదు. ఆవిడ తిట్టినా బాగుండేది.

మార్చి 23, ఆదివారం

లోపలిదాని గురించే చెప్పాను. డాక్టరమ్మ చూపించినదంతా చెప్పాను, ఉంగరాలూ, నీలమూ, గోధుమరంగూ. నాలోని శత్రువు గుమ్మం వదిలేసి పారిపోయి లోపల నక్కిందన్నాను. నక్కినదాన్ని దేవుడు పట్టుకుంటాడన్నాను. హాలు దద్దరిల్లింది. బావమరిది లేచి, మా బావ గొంతును ఏ కత్తీ ముట్టదని ప్రకటించాడు. చప్పట్లు. చివరి వరసలో మా ఆవిడ ఒక్కతే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక రుమాలులో ఎర్రటి చార కనిపించింది. నీళ్ళు మింగితే చెవిలో పోటు. చల్లగాలి తగిలి ఉంటుంది.

గొంతు బాగానే ఉంది.

మార్చి 26

ఈరోజు వర్క్‌షాపుకి ఒక మనిషి వచ్చాడు. లావుపాటి మనిషి, మెడకు చిన్న గుడ్డ అడ్డం కట్టుకున్నాడు. టార్చిలైటులా ఉన్న పరికరం ఒకటి బల్ల మీద పెట్టి, పనిచేయడం లేదని చేత్తో చూపించాడు. విప్పితే బ్యాటరీ స్ప్రింగు తుప్పు పట్టి ఉంది. గీకి, టంకం పెట్టి ఇచ్చాను. దాన్ని దవడ కింద ఆనించుకుని పెదాలు కదిపాడు. తుమ్మెద డబ్బాలో ఇరుక్కున్నట్టు ఒకటే శ్రుతిలో మాట వచ్చింది.

"మీ ఆవిడ పంపారు."

ఏమని పంపిందని అడిగాను.

"ఆయనకు రిపేరు వచ్చు కానీ బుద్ధి రావడం లేదు, ఒకసారి కనిపించి రండి అన్నారు."

ఆస్పత్రి వరండాలో పరిచయమట ఇద్దరికీ. నాకు ఒళ్ళు మండింది. అది మనిషి గొంతేనా అని మొహం మీదే అడిగేశాను.

"కాదు. మనిషిని మాత్రం నేనే." కాస్త ఆగి మళ్ళీ ఆనించుకున్నాడు. "నేను వేలంపాట పెట్టేవాణ్ణి. పాత సామాను, పశువులు, ఇళ్ళు. నా గొంతుకు మూడు వీధులు కదిలేవి. ఇప్పుడూ అదే పని. జనం ముందు నవ్వుతారు. తర్వాత పాట పెంచుతారు."

ఇంట్లో ఎలా ఉందని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

"రోజూ మా ఆవిడతో పోట్లాడతాను. బ్యాటరీ అయిపోయినప్పుడే ఆవిడ గెలుస్తుంది. ఇదివరకు కూడా ఆవిడే గెలిచేదనుకోండి."

నవ్వలేదు నేను. వెళ్ళాక బల్ల మీద స్క్రూడ్రైవరు విసిరికొట్టాను. అలాంటి గొంతుతో ప్రార్థన చేస్తే దేవుడికి నవ్వు రాదా? ఇంటికొచ్చి మా ఆవిడతో యుద్ధానికి దిగాను. ఆవిడ నోట్లో గుండుసూదులున్నాయి. అన్నీ ఒక్కొక్కటిగా తీసి దిండుకు గుచ్చి, అప్పుడంది.

"నాకు మీ ప్రసంగం అక్కర్లేదండీ. అది వాళ్ళకు. నాకు పొద్దున లేవగానే విసుక్కునే మనిషి కావాలి. విసుక్కోవడానికి గొంతెందుకు?"

మార్చి 30, ఆదివారం

కోపంతో రాస్తున్నాను.

దగ్గు ఆగక ఈరోజు కుర్చీలో కూర్చున్నాను. కొత్తగా వాక్యం చెప్పడం మొదలుపెట్టినవాళ్ళు నలుగురు ఒకరి తర్వాత ఒకరు లేచారు. మొదటివాడు పాటగాడు, గాజులాంటి గొంతు వాడిది. నోరు తెరవగానే గరగర వచ్చింది. జలుబు చేసిందేమో అనుకున్నాను. రెండోవాడూ అంతే. మూడోవాడు నేనెక్కడ ఆగి దగ్గుతానో అక్కడ ఆగి దగ్గాడు. దగ్గు రాకుండా దగ్గాడు. చివరివాడు ఆఖరి మాటను గాలిగా వదిలి కళ్ళు మూసుకున్నాడు. హాలు ముందుకు వంగింది. సరిగ్గా నాకు వంగినట్టే.

ఎవడూ ఎగతాళి చేయడం లేదు. అదే ఘోరం. నా మీద ప్రేమతో చేస్తున్నారు. ఇంతకాలం వాళ్ళకు నేను వాక్యం నేర్పుతున్నాననుకున్నాను. వాళ్ళు నేర్చుకున్నది గడ్డను. దాని చప్పుడును అభ్యాసం చేస్తున్నారు. బావమరిది పక్క నుంచి గర్వంగా మోచేత్తో పొడిచి, "చూశావా బావా, ఒక్క నువ్వు నలుగురయ్యావు" అన్నాడు. వాడి గొంతూ అలాగే ఉంది.

ఇంటికొచ్చి లేఖనం తీశాను. గీతలు లేని చోటు చూశాను. మనిషిని పాడుచేసేది బయటినుంచి రాదు, లోపలి నుంచే వస్తుందన్న చోటు. నాకు తెలియని వాక్యం కాదు. బస్టాండులో ఎన్నిసార్లు చెప్పానో. తాగుబోతులకు చెప్పాను, దొంగలకు చెప్పాను. నాకు చెప్పుకోలేదు. లోపల కూర్చున్నంత మాత్రాన ఏదీ పరిశుద్ధం అయిపోదు. లోపల కూర్చున్నదే ముదురు.

మా ఆవిడను లేపి చెప్పాను, కత్తికి ఒప్పుకుంటున్నానని. మధ్యాహ్నం నిద్రలోంచి లేచి, "సరే, టీ పెడతాను" అంది. తెచ్చిన టీలో చక్కెర లేదు.

మార్చి 31

డాక్టరమ్మకు చెప్పాను. తీసేయండి, మొత్తం తీసేయండి అన్నాను. రేడియేషన్ తర్వాత ఇస్తామంది. కోత తర్వాత కూడా హామీ ఇవ్వలేనంది. మీ హామీ నేను అడగలేదన్నాను. ఆవిడ మొదటిసారి నవ్వింది.

ఓయ్ గడ్డా, విను. గుమ్మంలో నిలబడి ఉంటే గుమ్మంలోనే తేల్చుకునేవాళ్ళం. నువ్వు లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకున్నావు. మందు రాలేదనీ, కాల్చితే కుట్టుకుంటాననీ ధీమా. నువ్వు కూర్చున్న గదిని మాత్రమే కాదు, ఇల్లు మొత్తం పడగొడుతున్నాను. నా ఇల్లు. నాకు ఇష్టమైన ఇల్లు. అయినా పడగొడుతున్నాను. నీకు నిలువ నీడ లేకుండా చేసి నేను ఆరుబయట బతుకుతాను.

నాలాంటివాళ్ళు ఎంతకాలం బతుకుతారో డాక్టరమ్మ దగ్గర లెక్క ఉంది. ఆ లెక్కలో ఎవరెవరు ఉన్నారో ఉన్నారు. నేనింకా చేరలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఆఖరి ప్రసంగం చెప్పమని సంఘం పెద్దలు వచ్చారు. హాలు చాలదని మైదానం మాట్లాడారట. బావమరిది బ్యానరు కూడా రాయించాడు. వద్దన్నాను. ఆ నలుగురినీ పిలిచి, ఎవడి గొంతుతో వాడు చెప్పకపోతే మెట్ల మీది నుంచి తోసేస్తానన్నాను. అదే నా ఆఖరి ప్రసంగం.

మిగిలిన గొంతు ఇంట్లో ఖర్చు పెట్టాను. మా ఆవిడ కుడుతుంటే పక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడాను. కుళాయి కారడం గురించి, ఇంటి ఓనరు గురించి, కత్తెర పదును గురించి. సాయంత్రం ఆవిడ దారం తెంపుతూ, "ఒకసారి నన్ను పేరు పెట్టి పిలుస్తారా" అంది. పెళ్ళయిన నాటి నుంచీ "ఏమోయ్" తోనే గడిపేశాను.

పిలిచాను. గరగరలాడుతూనే వచ్చింది.

"ఊఁ" అంది. మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది.

ఏప్రిల్ 8

తెల్లవారగానే తీసుకెళతారు.

ఏప్రిల్ 15

రాస్తున్నాను. కాబట్టి ఉన్నాను.

ఏప్రిల్ 18

మెడ కింద నుంచి ఊపిరి పోతోంది, వస్తోంది. దగ్గితే అక్కడి నుంచే. అద్దంలో చూసుకున్నాను. భయంకరంగా ఉంది. చూస్తూనే ఉన్నాను, అదే కళ్ళు దించుకునేదాకా.

తీసినదాని అంచులు శుభ్రంగా ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. గట్టు ఎక్కినట్టు కాదని కూడా చెప్పింది. ప్రార్థన చేశాను, పెదాలతో. ఎవరూ నవ్వలేదు.

మా ఆవిడ మీద విసుక్కున్నాను. పలక మీద రాసి విసుక్కున్నాను. రెండు అక్షరదోషాలు దిద్ది తిరిగి ఇచ్చింది.

ఏప్రిల్ 25, శుక్రవారం

బావమరిది వచ్చాడు. ఆపరేషన్ తర్వాత ఇదే రావడం. నా మెడ వైపు చూడకుండా కిటికీతో మాట్లాడాడు. సంఘం దిగులు పడిందట, నేను లొంగిపోయానని కొందరంటున్నారట. మాట్లాడుతుంటే నేను మాటలు వినడం మానేశాను. గొంతును విన్నాను. నా పని అదే కదా, ఏ స్పీకరులో ఏం చెడిందో వినడం. వీడు కావాలని గొంతు గీకడం లేదు. అనుకరణ అయితే ఇంట్లో అక్క దగ్గర దేనికి?

ఎప్పటినుంచి అని పలక మీద రాసి చూపించాను.

"నీ కంటే కాస్త వెనకే మొదలైంది బావా. ఇప్పుడు నీ ప్రసంగాలన్నీ నా నెత్తిన పడ్డాయిగా, ఇంకా పెరిగింది. నీ ఆస్తి నాకు దక్కిందనుకో" అని నవ్వాడు. నవ్వులోనూ గాలే. ఆస్పత్రికి పద అని రాశాను. ఆదివారం పెద్ద కూడిక ఉందనీ, అది కాగానే తీరిగ్గా వెళ్తాననీ అన్నాడు. మా ఆవిడ ఏడ్చింది, తిట్టింది. వాడు వరండాలో కూర్చుని చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఒక చెప్పు మా ఆవిడ దాచిపెట్టింది. అది దొరికేలోపు రాయాలి. ఈ పేజీ చించి వాడి చేతిలో పెడతాను.

ఒరేయ్, చదువు. పైకి చదవకు, ఆ గొంతును కాసేపు వదిలెయ్.

నీ గొంతులో ఉన్నది ఇసుక కాదు, అభిషేకమూ కాదు. ఏమిటో నాకు తెలియదు, నీకూ తెలియదు. చూస్తే తెలుస్తుంది. వట్టి వాపే అయితే ఇద్దరం కలిసి మీ అక్క చేతి టీ తాగుదాం, నన్ను పిరికివాడని ఏడాదంతా ఏడిపించు. మూడు వారాలు దాటిన బొంగురుకు కెమెరా పెట్టి చూడాల్సిందేనని డాక్టరమ్మ నాకు చెప్పింది, అప్పటికే నేను చలికాలమంతా చప్పట్లు వింటూ గడిపేశాను. నా గడ్డలో రిసెప్టర్ ఎప్పుడు గుమ్మం వదిలి లోపలికి నడిచిందో ఎవరికీ తెలియదు. ప్రసంగం చెబుతున్నప్పుడేనేమో. నీలో ఏదైనా ఉంటే అదింకా గుమ్మంలోనే ఉందేమో, నీ గొంతు నీకు మిగులుతుందేమో. ఆదివారం దాకా అది నీ కోసం ఆగుతుందని నీకెవరు మాటిచ్చారు?

సంఘం ఒక ఆదివారం నువ్వు లేకుండా బతుకుతుంది. నేను లేకుండా బతికింది, చూశావుగా. డాక్టరమ్మ సాయంత్రం దాకా ఉంటుంది. టాక్సీ కింద ఉంది. నేను అరవలేను కాబట్టి నీ చొక్కా పట్టుకుని లాగుతాను, వీధంతా చూసినా సరే.

ఒక చెప్పుతోనే రా. లే. ఇప్పుడే. ఈరోజే. పద.